అక్కర్లేదన్నవాళ్లే అక్కరకొచ్చారు: ఫిలడెల్ఫియా ఈగల్స్ 2024 సీజన్

2024 జనవరి 15, సోమవారం రాత్రి, ఫ్లోరిడాలోని టాంపా. స్కోరు 32-9. ఆ ఊరి జట్టు చేతిలో ఓడిపోయిన ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టులో 13 ఏళ్లు సెంటర్‌గా ఆడిన జేసన్ కెల్సీ మైదానం పక్కన కన్నీళ్లు ఆపుకోలేక నిలబడ్డాడు. అంతకు ఏడు వారాల ముందు ఇదే జట్టు 10 గెలుపులు, ఒకే ఒక్క ఓటమితో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ మొత్తానికీ ముందుంది. ఆ తర్వాత ఆడిన ఏడు మ్యాచుల్లో ఆరు పోగొట్టుకుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్లు తడబడటం మామూలే. కానీ అంత ఎత్తు నుంచి అంత తొందరగా కూలడం మాత్రం చాలా అరుదు.

ఏడాది దాటి నెల తిరక్కుండానే, 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో అదే జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్‌ను 40-22 తేడాతో ఓడించి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఎత్తుకుంది. స్కోరు చూస్తే పోటీ కొంతైనా జరిగిందనిపిస్తుంది కానీ, ఒక దశలో అది 34-0. వరుసగా మూడో కప్పు కోసం వచ్చిన చీఫ్స్ మొదటి సగంలో బంతిని ముందుకు జరపగలిగింది మొత్తం 23 గజాలే.

ఈ రెండు రాత్రుల మధ్య జరిగినదాన్ని ఒక స్టార్ ఆటగాడి రాకతో ముడిపెట్టి చెప్పడం తేలిక. బంతి పట్టుకుని పరుగెత్తే సేక్వాన్ బార్‌క్లీ వచ్చాడు, పరుగులు తీశాడు, కప్పు వచ్చింది అని చాలామంది అలాగే చెప్పుకున్నారు. అది అబద్ధం కాదు, కానీ అసలు సంగతిలో సగమే. వేరే జట్లు తప్పు చోట ఆడించినవాళ్లను, తక్కువ వెల కట్టినవాళ్లను, వదిలేసినవాళ్లను పట్టుకొచ్చి సరైన చోట నిలబెట్టడమే ఈగల్స్‌ను నిజంగా మార్చింది. ఆ పని చాలావరకు 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఒక్క బంతి కూడా ఆడకముందే జరిగిపోయింది.

ఎక్కడ కూలింది

2023లో ఏం చెడిందో తెలిస్తే తప్ప 2024లో ఏం బాగుపడిందో తెలియదు. 2022 సీజన్‌లో ఈగల్స్ సూపర్ బౌల్ దాకా వెళ్లి చీఫ్స్ చేతిలోనే 38-35తో ఓడింది. ఆ వెంటనే దాడి వ్యూహాలు చూసే షేన్ స్టైకెన్, రక్షణ వ్యూహాలు చూసే జోనథన్ గానన్ ఇద్దరూ వేరే జట్లకు హెడ్ కోచ్‌లుగా వెళ్లిపోయారు. ఈ ఆటలో ఈ రెండు ఉద్యోగాలూ చాలా పెద్దవి. ప్రతి బంతికీ ఏ ఎత్తు వేయాలో చెప్పేది వాళ్లే. హెడ్ కోచ్ నిక్ సిరియానీ వాళ్ల స్థానంలో తెచ్చినవాళ్లు నిలదొక్కుకోలేకపోయారు. రక్షణ బాధ్యతను డిసెంబరులో, సీజన్ మధ్యలోనే, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చారు. ఆటగాళ్లు నేర్చుకున్న పద్ధతి ఒకటి, చివరి వారాల్లో ఆడమన్నది ఇంకొకటి.

ఆ ఏడాది ఈగల్స్ 433 పాయింట్లు కొట్టి 428 ఇచ్చుకుంది. 11 గెలుపులు, 6 ఓటములున్న జట్టుకు ఈ తేడా చాలా తక్కువ. చాలా మ్యాచులు అంచు మీద గట్టెక్కినవేనని, 10-1 అన్న లెక్క నిజమైన బలం కన్నా పెద్దగా కనిపించిందని ఈ ఒక్క అంకెల జతే చెబుతుంది. వెనక వరసలో ఆడే కార్నర్‌బ్యాక్‌లకు వయసు మీద పడింది. మధ్యలో ఆడే లైన్‌బ్యాకర్ల స్థానానికి ఈ జట్టు ఏళ్ల తరబడి పెద్దగా డబ్బు పెట్టలేదు. ఇక దాడి విషయానికొస్తే, ప్రత్యర్థులు మామూలు కన్నా ఎక్కువమందిని, పాస్‌లు వేసి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ మీదికి తోలినప్పుడు, అంటే బ్లిట్జ్ చేసినప్పుడు, దానికి తగిన జవాబు కరువైంది. టాంపా ఆ బలహీనతను పట్టుకుని రాత్రంతా దాని మీదే కొట్టింది.

సిరియానీ ఉద్యోగం ఊడుతుందని అప్పట్లో అందరూ అనుకున్నారు. యజమాని జెఫ్రీ లూరీ అతన్ని ఉంచి ఇద్దరు సహాయకులనూ మార్చారు. దాడికి కెలెన్ మూర్, రక్షణకు విక్ ఫాంజియో వచ్చారు. ఈ రెండో పేరు ముఖ్యం. అరవై అయిదు దాటిన ఫాంజియో పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే పుట్టి పెరిగినవాడు. వెనక ఇద్దరిని లోతుగా నిలిపి పెద్ద దెబ్బ తగలకుండా చూసుకోవడం, ముందు నలుగురితోనే క్వార్టర్‌బ్యాక్‌ను నలిపేయడం అతని పద్ధతి. ఇప్పుడు లీగ్‌లో చాలా జట్లు దాన్ని ఏదో ఒక రూపంలో వాడుతున్నాయి. అయితే ఆ పద్ధతి పండాలంటే రెండు కావాలి. ముందు వరసలో బలగం ఉండాలి, మధ్యలో ఆటను చదవగల లైన్‌బ్యాకర్ ఉండాలి. మొదటిది ఈగల్స్ దగ్గర అప్పటికే ఉంది. జోర్డన్ డేవిస్, జేలెన్ కార్టర్, నోలన్ స్మిత్ ముగ్గురినీ, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టుల్లో, 2022, 2023 మొదటి రౌండ్లలోనే తీసుకున్నారు. లేనిదల్లా రెండోది.

పెద్దవాళ్లు వెళ్లిపోయిన మార్చి

2024 మార్చి 4న కెల్సీ రిటైర్ అయ్యాడు. ఆరు రోజుల తర్వాత ఫ్లెచర్ కాక్స్ కూడా సెలవు తీసుకున్నాడు. రక్షణ వరస మధ్యలో అతను ఆడింది 12 ఏళ్లు. ఒక్క వారంలో ఆ డ్రెస్సింగ్ రూమ్ పాతికేళ్ల అనుభవాన్ని పోగొట్టుకుంది.

టీవీలో ఆట చూసేవాళ్ల కంటికి సెంటర్ పెద్దగా ఆనడు. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఇచ్చేవాడు అనే అనుకుంటాం. నిజానికి ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి, తన వరసలోని అయిదుగురిలో ఎవరు ఎవర్ని ఆపాలో గట్టిగా అరిచి చెప్పేది అతనే. ఆ మాట తప్పిందంటే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. కెల్సీ లాంటివాడి స్థానం భర్తీ చేయడమంటే బలమైన మనిషిని తేవడం ఒక్కటే కాదు, ఆ మాటను మోయగలవాడిని తేవడం. ఈగల్స్ అందుకు ముందే సిద్ధపడింది. 2022లోనే కామ్ జర్గెన్స్‌ను తీసుకుని, కెల్సీ పక్కన పెట్టి నేర్పించింది. 2023లో అతను సెంటర్ పక్కన ఉండే కుడి గార్డ్‌గా ఆడాడు. కెల్సీ వెళ్లగానే మధ్యకు జరిగాడు. దాంతో కుడి గార్డ్ చోటు ఖాళీ అయింది.

ఆ చోటుకు వచ్చినవాడు మెకై బెక్టన్. 2020 డ్రాఫ్టులో న్యూయార్క్ జెట్స్ 11వ ఎంపికగా తీసుకున్న భారీకాయుడు. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, నూట అరవై కిలోల పైన బరువు. మోకాలి గాయాలతో రెండు సీజన్లు దాదాపు పూర్తిగా పోయాయి. నాలుగేళ్లయ్యాక జెట్స్ వదిలేసింది. అతనికి వేరే జట్లలో పెద్ద గిరాకీ ఏమీ లేదు. అప్పటిదాకా అతను ఆడింది అంచున ఉండే టాకిల్ స్థానంలో. ఈగల్స్ లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌ల్యాండ్ అతన్ని లోపలికి, గార్డ్ స్థానానికి మార్చాడు. ఆ చోట వెడల్పు తక్కువ, పక్కనే సాయం ఉంటుంది, వేగం కన్నా బలం ముఖ్యం. బెక్టన్ సీజనంతా అక్కడే ఆడాడు.

స్టౌట్‌ల్యాండ్ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ కుంటుతుంది. ఎడమ టాకిల్ జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుతూ పెరిగినవాడు. 2018లో ఈగల్స్ అతన్ని ఏడో రౌండ్‌లో తీసుకునే నాటికి అతను ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఇప్పుడు లీగ్‌లోని మేటి టాకిళ్లలో ఒకడు. మ్యాచ్‌కు ముందు టీవీలో ఆటగాళ్లు తమ కాలేజీ పేరు చెప్పుకునే ఆనవాయితీ ఒకటుంది. అక్కడ మైలాటా చెప్పేది జెఫ్ స్టౌట్‌ల్యాండ్ యూనివర్సిటీ అని. గురువుకు ఇంతకన్నా మంచి దక్షిణ ఉండదు. 2024లో బార్‌క్లీ తీసిన ప్రతి పరుగు వెనకా ఈ గురువు తయారు చేసిన అయిదుగురి వరస ఉంది. ఎడమ నుంచి కుడికి మైలాటా, లాండన్ డికర్సన్, జర్గెన్స్, బెక్టన్, 2013 నుంచీ ఇదే జట్టుకు ఆడుతున్న లేన్ జాన్సన్.

పర్సులో ఎంత ఉంది

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల, డెలావేర్ నది దాటితే న్యూజెర్సీలోనూ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2023 జూలైలో తానా మహాసభలు జరిగింది కూడా ఈ నగరంలోనే. ఆ ఇళ్లలోని పెద్దలకు ఎన్ఎఫ్ఎల్ డబ్బు లెక్క అర్థం కావాలంటే ఐపీఎల్ దారిలో వెళ్లడమే మేలు. 2025 ఐపీఎల్ వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు. ఎన్ఎఫ్ఎల్‌లో దీన్ని శాలరీ క్యాప్ అంటారు. 2024లో ఒక్కో జట్టుకు అది 25.54 కోట్ల డాలర్లు, అంటే మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. 53 మంది జట్టును ఆ గీత లోపలే సర్దాలి.

తేడా ఎక్కడంటే, ఐపీఎల్ పర్సు ఏడాదికి ఏడాది తెగిపోయే లెక్క. ఎన్ఎఫ్ఎల్‌లో ఖర్చును భవిష్యత్తులోకి తోయొచ్చు. ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు ఆటగాడి చేతికి పెద్ద మొత్తం బోనస్‌గా వస్తుంది, కానీ క్యాప్ లెక్కలో దాన్ని అయిదేళ్ల దాకా సమానంగా పంచుకోవచ్చు. ఆటగాడు నిజంగా ఆడని ఉత్తుత్తి ఏళ్లను కూడా ఒప్పందం చివర తగిలించి పంచేస్తారు. చేబదులు తెచ్చుకుని ఇవాళ ఇల్లు నడుపుకోవడం లాంటిదే ఇది. క్యాప్ ఏటా పెరుగుతున్నంత కాలం రేపటి డాలరు బరువు ఇవాళ్టి డాలరు కన్నా తక్కువ కాబట్టి గిట్టుబాటు అవుతుంది. 2023లో 22.48 కోట్లున్న క్యాప్ ఒక్క ఏడాదిలో మూడు కోట్ల డాలర్లకు పైగా పెరిగింది. ఈ పద్ధతిని ఈగల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ అంత ధీమాగా వాడుకున్నవాళ్లు లీగ్‌లో తక్కువ. న్యాయశాస్త్రం చదివి, 2000లో ఇదే జట్టులో ఇంటర్న్‌గా చేరి, ఒకసారి అధికారం పోగొట్టుకుని మళ్లీ సంపాదించుకున్న మనిషి ఆయన.

హర్ట్స్‌తో 2023లో కుదిరిన అయిదేళ్ల ఒప్పందం విలువ 25.5 కోట్ల డాలర్లు. ఒక ఏడాది జట్టు మొత్తానికి ఉన్న గీత ఎంతో దాదాపు అంత. క్వార్టర్‌బ్యాక్‌కు అంత పోశాక మిగతా 52 మందిలో ఎక్కడో ఒకచోట చవక సరుకు దొరికి తీరాలి. చవక అంటే నాసి అని కాదు, అసలు విలువ కన్నా తక్కువ ధర పలికేది. 2024 వసంతంలో అలాంటి సరుకు ఎక్కువగా ఉన్నది రన్నింగ్ బ్యాక్‌ల అంగట్లో.

బంతి పట్టుకుని పరుగెత్తే ఈ స్థానానికి చాలా ఏళ్లుగా ధర పడిపోతూ వచ్చింది. వాళ్లు తొందరగా అరిగిపోతారని, డ్రాఫ్టులో దొరికే కుర్రాడు కూడా అదే పని సగం ధరకు చేస్తాడని జట్లు నమ్మాయి. 2018లో న్యూయార్క్ జెయింట్స్ రెండో ఎంపికగా తీసుకున్న బార్‌క్లీకి ఆ బాధ బాగా తెలుసు. 2023లో జెయింట్స్ అతనికి దీర్ఘకాలిక ఒప్పందం ఇవ్వకుండా, జట్టు విడిచి వెళ్లకుండా కట్టేసే ట్యాగ్ వేసి ఏడాదికి కోటి డాలర్ల దగ్గర ఆపింది. 2024లో ఆ కట్టు కూడా వదిలేసింది. ఈగల్స్ మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. పెన్సిల్వేనియాలో పెరిగి, పెన్ స్టేట్‌లో చదివినవాడు ఇంటికి దగ్గరైపోయాడు. అతను ఫిలడెల్ఫియాకు వెళితే తనకు నిద్ర పట్టదని జెయింట్స్ యజమాని జాన్ మారా తన మేనేజర్‌తో అన్న మాట కెమెరాల్లో రికార్డయి తర్వాత టీవీలో ప్రసారమైంది.

ఏడాదికి కోటీ పాతిక లక్షల డాలర్లు హర్ట్స్ జీతంలో నాలుగో వంతు. మంచి పరుగు వరస లేని జట్టుకు ఇదే మనిషి మీద ఇదే డబ్బు పెట్టడం వృథా అయ్యేది. జెయింట్స్‌లో ఆ వరస లేక ఆరేళ్లు అతను గుంపులోకే పరుగెత్తాడు. ఈగల్స్ దగ్గర వరస ముందే ఉంది. ధర మనిషిది కావచ్చు కానీ విలువ అతను నిలబడే చోటును బట్టి మారుతుంది. అదే నెలలో జరిగిన ఇంకో చిన్న ఒప్పందం ఈ సంగతిని బార్‌క్లీ కన్నా స్పష్టంగా చూపిస్తుంది.

35 లక్షల డాలర్ల మనిషి

జాక్ బాన్‌ను 2020లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మూడో రౌండ్‌లో తీసుకుంది. నాలుగేళ్లు అతనికి ఎక్కువగా దక్కింది కిక్‌ల సమయంలో పరుగెత్తే స్పెషల్ టీమ్స్ పని, అప్పుడప్పుడూ అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి వెళ్లే పని. ఈగల్స్ ఒక్క ఏడాదికి 35 లక్షల డాలర్లిచ్చి తెచ్చుకున్నప్పుడు పేపర్లలో దానికి రెండు వాక్యాలు కూడా దక్కలేదు. ఫాంజియో అతన్ని అంచు నుంచి తీసి మధ్యలో, లోపలి లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టాడు.

ఆ సీజన్‌లో బాన్, బంతి పట్టుకున్నవాళ్లను నేలకూల్చే ట్యాకిళ్లు 151 చేశాడు. అయిదుసార్లు ప్రత్యర్థి చేతిలోంచి బంతి జారేలా కొట్టాడు. లీగ్ మొత్తం నుంచి ఏరే ఆల్-ప్రో మొదటి జట్టులో చోటు సంపాదించాడు. అంచు మీద ఆడే కాళ్ల వేగం, స్పెషల్ టీమ్స్‌లో అలవడిన ట్యాకిల్ నేర్పు మధ్యలో ఒకేసారి పనికొచ్చాయి. నాలుగేళ్లు ఒక జట్టు రోజూ కళ్ల ముందు చూస్తూ కూడా పోల్చుకోలేని సంగతిని ఇంకో జట్టు ఒక్క శిక్షణ శిబిరంలో పోల్చుకుంది. ఈ సీజన్ గురించి ఒకే ఒక్క నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోవాలంటే అది బార్‌క్లీ ఒప్పందం కాదు, ఇదే.

అన్నీ ఇలాగే కుదిరాయని కాదు. ఆ మార్చిలో బయటి నుంచి తెచ్చినవాళ్లలో రోజ్‌మన్ అతి పెద్ద డబ్బు పెట్టింది బ్రైస్ హఫ్ మీద. మూడేళ్లకు 5.11 కోట్ల డాలర్లు. 2023లో జెట్స్ తరఫున 10 శాక్‌లు చేసిన, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టిన, కుర్రాడు. అతని కోసమే అన్నట్టు, 11 శాక్‌లు చేసిన హసాన్ రెడిక్‌ను జెట్స్‌కు పంపేశారు. హఫ్ ఈగల్స్‌లో రెండున్నర శాక్‌ల దగ్గర ఆగిపోయాడు, మణికట్టుకు ఆపరేషన్ అయింది, సూపర్ బౌల్ రోజు ఆడే జాబితాలోనే లేడు. జెట్స్ అతన్ని పరిమితంగా, పాస్ వచ్చే బంతులకే వాడుకుంది. ఈగల్స్ పూర్తికాలం ఆటగాడి ధర పెట్టింది. బాన్ విషయంలో పనిచేసిన చూపే హఫ్ విషయంలో తప్పింది. 35 లక్షల ఒప్పందం గెలిపించి, 5 కోట్ల ఒప్పందం మునిగినా జట్టు నిలబడిందంటే, ఒకే బుట్టలో అన్నీ పెట్టకపోవడం వల్లే.

ఏప్రిల్ డ్రాఫ్టు ఈ ఖాళీలకు మిగతా జవాబు చెప్పింది. 22వ ఎంపికగా టొలీడో అనే చిన్న ఫుట్‌బాల్ కాలేజీ నుంచి కార్నర్‌బ్యాక్ క్విన్యన్ మిచెల్. 2002 తర్వాత ఈగల్స్ మొదటి రౌండ్‌లో ఈ స్థానానికి మనిషిని తీసుకోవడం ఇదే మొదలు. 40వ ఎంపిక కోసం వాషింగ్టన్‌తో బేరమాడి పైకి వెళ్లి అయోవా కుర్రాడు కూపర్ డిజీన్‌ను పట్టుకున్నారు. అందరికన్నా వెనక కాపు కాసే సేఫ్టీ సీజే గార్డ్‌నర్-జాన్సన్‌ను మార్చిలోనే వెనక్కి తెచ్చుకున్నారు. 2023లో తూట్లు పడిన వెనక వరస ఆరు వారాల్లో దాదాపు కొత్తదైంది.

రెండు గెలుపులు, రెండు ఓటములు

సీజన్ మొదటి మ్యాచ్ అమెరికాలో కాదు, బ్రెజిల్‌లోని సావో పావ్లోలో జరిగింది. గ్రీన్ బే మీద 34-29 గెలుపు, బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటి బార్‌క్లీ కొట్టినవి మూడు టచ్‌డౌన్‌లు. కొత్త పెళ్లికొడుకులాంటి ఆ సంబరం పది రోజులు నిలిచింది. రెండో మ్యాచ్‌లో అట్లాంటా మీద ఆధిక్యంలో ఉండి, రెండు నిమిషాలు కూడా మిగలని వేళ, పట్టుకుంటే మ్యాచ్ ముగిసిపోయే తేలిక పాస్‌ను బార్‌క్లీ జారవిడిచాడు. అట్లాంటా 22-21తో గెలిచింది. నాలుగో మ్యాచ్ మళ్లీ టాంపాలో. పాస్‌లు అందుకునే రిసీవర్లు ఏజే బ్రౌన్, డెవాంటా స్మిత్, టాకిల్ లేన్ జాన్సన్ ముగ్గురూ గాయాలతో లేరు. 33-16 ఓటమి. జనవరి పీడకల మళ్లీ మొదలైందనే అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన విరామం వారంలో ఏం మారిందన్నదే ఈ సీజన్ విశ్లేషణకు గుండెకాయ. మొదటి నాలుగు మ్యాచుల్లో హర్ట్స్ బంతిని ఏడుసార్లు ప్రత్యర్థికి పోగొట్టాడు. అందులో నాలుగు ఇంటర్‌సెప్షన్లు, అంటే అతని పాస్‌ను ప్రత్యర్థే పట్టుకున్నవి. మిగతా రెగ్యులర్ సీజన్ మొత్తంలో అతని ఇంటర్‌సెప్షన్ ఒక్కటే. ఇది ఒక్కసారిగా పెరిగిన నైపుణ్యం కాదు, ఎత్తుగడలో వచ్చిన మార్పు. పాస్‌లు తగ్గించారు. బంతిని బార్‌క్లీ చేతిలో పెట్టి, వరసను ముందుకు తోయించి, గడియారాన్ని కరిగించడం మొదలుపెట్టారు. రక్షణలో డిజీన్‌ను లోపలి వైపు రిసీవర్లను కాచే స్లాట్ కార్నర్ స్థానంలో మొదటి జట్టులోకి తెచ్చారు. అప్పటి నుంచి ఆ వెనక వరసకు రంధ్రం కనిపించలేదు.

ఈ మార్పుకు ధర లేకపోలేదు. లీగ్‌లో పేరున్న ఇద్దరు రిసీవర్లు చాలా మ్యాచుల్లో చేతులు ఖాళీగా తిరిగారు. డిసెంబరులో గెలిచిన మ్యాచ్ తర్వాత కూడా బ్రౌన్ పాసింగ్ ఆట మెరుగుపడాలని బాహాటంగానే అన్నాడు. హర్ట్స్ మాత్రం తన అంకెలు చిన్నవైనా నోరు మెదపలేదు. 25 కోట్ల ఒప్పందమున్న క్వార్టర్‌బ్యాక్ మ్యాచ్‌కు ఇరవై పాస్‌లతో సరిపెట్టుకోవడం ఈ లీగ్‌లో చిన్న విషయం కాదు. అతని ఆ ఓర్పుకు రావలసినంత పేరు రాలేదు.

వరుసగా పది గెలుపులు వచ్చాయి. అందులో రెండు మూడు దృశ్యాలు చాలాకాలం నిలుస్తాయి. అక్టోబరు 20న పాత ఇంటికి, జెయింట్స్ స్టేడియానికి, వెళ్లి బార్‌క్లీ 176 గజాలు పరుగెత్తాడు. నవంబరు 3న జాక్సన్‌విల్ మీద ఒకణ్ని తప్పించుకుని, గిర్రున తిరిగి, వీపు ముందుకు పెట్టి వెనక్కి దూకుతూ ఇంకొకడి మీదుగా దాటేశాడు. అలాంటిది ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. నవంబరు 24న లాస్ ఏంజెలెస్‌లో ర్యామ్స్ మీద 255 గజాలు, 70, 72 గజాల రెండు టచ్‌డౌన్‌లు.

చివరి లెక్క 14-3. ఈసారి కొట్టినవి 463 పాయింట్లు, ఇచ్చినవి 303. నిరుటి కన్నా 125 తక్కువ ఇచ్చుకున్నారు. గజాల లెక్కలో లీగ్‌లోనే మొదటి రక్షణ ఇది.

బార్‌క్లీ 2,005 గజాల దగ్గర ఆగాడు. ఎరిక్ డికర్సన్ 1984లో నెలకొల్పిన 2,105 గజాల రికార్డుకు సరిగ్గా 100 దూరం. చివరి మ్యాచ్ జెయింట్స్ మీదే, సొంత మైదానంలోనే. ప్లేఆఫ్ స్థానం అప్పటికే ఖాయమైపోవడంతో సిరియానీ అతన్ని కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ల రికార్డును అంత దగ్గర్లో వదులుకోవడం చాలామంది అభిమానులకు మింగుడు పడలేదు. కానీ అప్పటికే 345 సార్లు గుంపులోకి దూరి దెబ్బలు తిన్న ఒళ్లు అది. ఆ వారం విశ్రాంతి ఎంత పనిచేసిందో రెండు వారాల్లో మంచులో తెలిసింది.

జనవరి 19న ర్యామ్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ కురుస్తున్న మంచులోనే సాగింది. బార్‌క్లీ 205 గజాలు, 62, 78 గజాల టచ్‌డౌన్‌లు. చివరి క్షణాల్లో ర్యామ్స్ గెలుపు గీత దగ్గరికి వచ్చినప్పుడు కార్టర్ మాథ్యూ స్టాఫర్డ్‌ను పడగొట్టాడు. 28-22. తర్వాతి వారం వాషింగ్టన్ మీద 55-23. ఆ మ్యాచ్‌లో ఈగల్స్ తాకిన మొదటి బంతికే బార్‌క్లీ 60 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. ప్లేఆఫ్‌లు కలిపితే అతని మొత్తం 2,504 గజాలు. 1998 నుంచి టెరెల్ డేవిస్ పేరున ఉన్న 2,476 రికార్డు ఆ లెక్కలో చెరిగిపోయింది.

ఒక్క బ్లిట్జ్ కూడా లేకుండా

సూపర్ బౌల్‌లో బార్‌క్లీకి దక్కింది 25 పరుగుల్లో 57 గజాలే. చీఫ్స్ రక్షణ మొత్తం అతని మీదే కాపు కాసింది. అతన్ని ఆపేశారు, మ్యాచ్ మాత్రం పోయింది. అందరూ పరుగు కోసం ముందుకు జరిగితే వెనక ఖాళీ అయిన చోట హర్ట్స్ 22 పాస్‌ల్లో 17 అందించి 221 గజాలు రాబట్టాడు, తనే 72 గజాలు పరుగెత్తి మ్యాచ్‌లో మేటిగా నిలిచాడు. సీజనంతా తగ్గించుకున్న పాసింగ్ ఆట పోయిందనుకున్నవాళ్లకు అది అక్కడే ఉందని ఆ రాత్రి కనిపించింది.

రక్షణ ఆడిన తీరు మాత్రం పాఠ్యపుస్తకానికి ఎక్కదగ్గది. ఫాంజియో ప్యాట్రిక్ మహోమ్స్ మీదికి ఒక్కసారి కూడా అదనపు మనిషిని పంపలేదు. మహోమ్స్ బ్లిట్జ్‌ను తినేసే రకం. ఎవరైనా అదనంగా వస్తే వాళ్లు వదిలిన చోటుకే బంతి వేస్తాడు. అందుకే నలుగురే వెళ్లారు, ఏడుగురు వెనక ఉండిపోయారు. చీఫ్స్ ఎడమ టాకిల్ స్థానంలో ఆ సీజన్ చివర్లో నిలబెట్టింది అసలు గార్డ్ అయిన జో థూనీని. ఆ వరస నలుగురి ముందు నిలవలేదు. ఆరు శాక్‌లు పడ్డాయి. అందులో జోష్ స్వెట్‌వి రెండున్నర, మిల్టన్ విలియమ్స్‌వి రెండు. వాళ్లు వరసగా నాలుగో రౌండ్, మూడో రౌండ్ డ్రాఫ్టు ఎంపికలు.

ఆ ఒత్తిడిలోంచి వచ్చినవే రెండు ఇంటర్‌సెప్షన్లు. ఒకటి డిజీన్ పట్టుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు. రెండోది బాన్ చేతికి చిక్కింది. ఆ మైదానం న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్, బాన్‌ను నాలుగేళ్లు పక్కన కూర్చోబెట్టి వదిలేసిన సెయింట్స్ సొంత మైదానం.

మళ్లీ మార్చి

కప్పు ఊరేగింపు ఫిబ్రవరి 14న అయింది. నెల తిరిగేసరికి ఆ జట్టు ఆ జట్టుగా లేదు. విలియమ్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లకు న్యూ ఇంగ్లండ్ వెళ్లాడు. స్వెట్ 7.64 కోట్లకు అరిజోనా వెళ్లాడు. కార్నర్‌బ్యాక్ డేరియస్ స్లేను విడిచిపెట్టారు, గార్డ్‌నర్-జాన్సన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు, హఫ్‌ను ఆ తర్వాత కొన్నాళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపేశారు. బెక్టన్ తన కొత్త పేరును లాస్ ఏంజెలెస్ చార్జర్స్ దగ్గర డబ్బుగా మార్చుకున్నాడు. కెలెన్ మూర్ సెయింట్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు.

గెలిచిన జట్టును ఎందుకు విడగొట్టారని అభిమానులకు కోపం రావడం సహజం. సూపర్ బౌల్ రాత్రి మహోమ్స్‌ను పడగొట్టినవాళ్లలో ఇద్దరు ఒకే వారంలో వెళ్లిపోతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ ఎవరిని ఉంచారో చూస్తే లెక్క కనిపిస్తుంది. బాన్‌కు మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్లు, అంటే ఏడాది కిందటి జీతానికి అయిదు రెట్లకు దగ్గర. బార్‌క్లీకి మరో రెండేళ్ల పొడిగింపు, 4.12 కోట్లు. కార్టర్, మిచెల్, డిజీన్ అప్పటికి ఇంకా కుర్రాళ్ల ఒప్పందాల్లోనే ఉన్నారు. వాళ్ల అసలు ధర పలికే రోజు ముందుంది, దానికి పర్సులో చోటు అప్పటి నుంచే ఉంచాల్సి వచ్చింది. పైగా తాము తెచ్చుకున్నవాళ్ల కన్నా ఎక్కువమందిని, ఎక్కువ ధరకు పోగొట్టుకున్న జట్టుకు తర్వాతి ఏడాది డ్రాఫ్టులో అదనపు ఎంపికలు పరిహారంగా ఇచ్చే నియమం లీగ్‌లో ఉంది. విలియమ్స్‌ను 10 కోట్లకు పోటీపడి ఉంచుకోవడం కన్నా, అతని లాంటి మరో మూడో రౌండ్ కుర్రాణ్ని వెతకడం మేలనుకున్నారు.

బెక్టన్ ఖాళీ చేసిన కుడి గార్డ్ చోటుకు కూడా అదే మందు వాడి చూశారు. గార్డ్‌నర్-జాన్సన్‌ను ఇచ్చి హ్యూస్టన్ నుంచి తెచ్చుకున్నవాళ్లలో కెన్యన్ గ్రీన్ ఉన్నాడు. 2022లో 15వ ఎంపిక, గాయాలు, పడిపోయిన పేరు, బెక్టన్ కథకు అచ్చుగుద్దిన పోలిక. స్టౌట్‌ల్యాండ్ చేతిలో పెట్టారు. ఈసారి అది పట్టలేదు. 2025 సీజన్ మొదలయ్యేసరికి ఆ చోట నిలబడినవాడు టైలర్ స్టీన్. రెండేళ్ల కిందట మూడో రౌండ్‌లో తీసుకుని, బెక్టన్ ఆడుతుంటే పక్కన కూర్చుని పని నేర్చుకున్న కుర్రాడు.